పొడుగు మెడ సీసా

మా ఇంట్లో పుస్తకాల బీరువా పై అరలో ఒక ఖాళీ సీసా ఉంటుంది. కింద బొద్దుగా ఉండి, పైకి పోయేకొద్దీ కొంగ మెడలా సన్నగా, పొడుగ్గా సాగుతుంది. మూతి దగ్గర మర ఉండదు, బిరడా బిగించిన గుర్తూ ఉండదు. ఇంటికి వచ్చినవాళ్ళు "పన్నీరు బుడ్డా అండీ?" అని అడుగుతుంటారు. బీరు సీసా అంటే నమ్మరు. మూత లేకుండా బీరు ఎలా నిలుస్తుందంటారు.

ఆ ప్రశ్నే నేనూ ఒక ముసలాయన్ని అడిగాను. 1984 చలికాలం అది, తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువు ముగించి, స్కాలర్‌షిప్ మీద పీహెచ్‌డీకి వెళ్ళాను. ముందు హెర్డర్ ఇన్‌స్టిట్యూట్‌లో జర్మన్ నేర్చుకోవాలి, తర్వాత కార్ల్ మార్క్స్ యూనివర్సిటీలో ఉష్ణమండల వ్యవసాయ విభాగం. అక్టోబర్ 18 వీధిలో మా హాస్టల్. వీధికి ఆ పేరు నెపోలియన్‌ను ఓడించిన 1813 నాటి యుద్ధం గుర్తుగా పెట్టారు. నవంబరు వచ్చేసరికి ఊరంతా గోధుమరంగు బొగ్గు పొగ. పొద్దున్నే కిటికీ తెరిస్తే మంచు వాసన కాదు, ఆ పొగ వాసనే ముక్కుకు కొట్టేది. ఇప్పటికీ ఎక్కడైనా ఇటుకల బట్టీ పక్కనుంచి పోతుంటే నాకు లైప్‌జిగ్ గుర్తొస్తుంది.

హాస్టల్ గుమ్మం దగ్గర అద్దాల గదిలో ఒక పెద్దాయన కూర్చునేవారు. డెబ్భై ఏళ్ళు దాటాయి. రిటైరయ్యాక కూడా వారానికి కొన్ని రోజులు వాచ్‌మన్ పనికి వచ్చేవారు. నేను నేర్చుకున్నది పుస్తకాల జర్మన్, ఆయన మాట్లాడేది శాక్సన్ యాస. మొదట్లో నాలుగు మాటల్లో మూడు అర్థమయ్యేవి కావు. కానీ నాకు ఇంటి మీద బెంగ, ఆయనకు మాట్లాడే మనిషి కావాలి. రాత్రి భోజనం అయ్యాక కిందికి దిగి ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం అలవాటైపోయింది. ఆ గది కిటికీ గట్టు మీద ఉండేదీ సీసా. అందులో ఒక ఎండిన పూలకాడ.

"మూత లేని సీసాలో బీరేమిటి?" అన్నాను.

ఆయన సీసా నా చేతికిచ్చి, మెడ లోపలికి చూడమన్నారు. దీపం వైపు ఎత్తిపట్టి చూస్తే లోపల, మూతికి అంగుళం కింద, సున్నం గీత లాంటి తెల్లటి వలయం ఉంది. "అదే మూత" అన్నారు.

ఆ బీరు పేరు గోజె. ఇంకా పులుస్తుండగానే పీపాల్లో సారాయంగళ్ళకు పంపేవారు. ఈ సీసాల్లో నింపుకునే పని అంగడివాడిదే. నింపి నేలమాళిగలో నిలబెట్టేవాడు. పులిసేకొద్దీ ఈస్ట్ నురగై పైకి లేచి, ఆ సన్నని మెడలో చేరి గట్టిపడేది. బీరును ఆ ఈస్టే మూసేస్తుంది. ఎప్పుడు తాగడానికి తయారవుతుందో, ఎప్పటికి మరీ పులిసిపోతుందో అంగడివాడికి తెలియాలి. చేసినవాడు సగం చేస్తే అమ్మేవాడు మిగతా సగం చేయాలన్నమాట. ఆ రోజుల్లో గోజె అంగడి పేరు చెడినా, నిలబడినా ఆ నేలమాళిగ పనితనం వల్లేనని ఆయన చెప్పేవారు.

రుచి ఎలా ఉంటుందని అడిగాను. పుల్లగా, కొంచెం ఉప్పగా ఉంటుందన్నారు. అందులో ధనియాలు కూడా వేస్తారన్నారు.

నేను సరిగ్గా వినలేదేమో అనుకుని డిక్షనరీ తెచ్చి చూశాను. నిజమే, ధనియాలే.

దీని పుట్టిల్లు హార్ట్స్ కొండల్లోని గోస్లార్ పట్టణం. అక్కడ పారే చిన్న నది పేరు గోజె, బీరుకు ఆ పేరే వచ్చింది. లైప్‌జిగ్‌కు దీన్ని పరిచయం చేసింది ఆన్‌హాల్ట్-డెస్సౌ అనే చిన్న సంస్థానపు ప్రభువు లియోపోల్డ్ అంటారు. 1738లో ఊరి పక్కనున్న ఓయ్‌ట్రిట్ష్ గ్రామంలో మొదలైందట. జర్మన్ బీరంటే బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్ళు తప్ప మరోటి కలపకూడదని ఒక పాత నియమం ఉందని అందరూ చెబుతారు కదా. దీంట్లో గోధుమల మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు, పడుతుంది, ఉప్పు పడుతుంది, ధనియాలు పడతాయి. పులుపు ఇచ్చేది లాక్టిక్ బ్యాక్టీరియా, అంటే మన పాలను పెరుగు చేసే కుటుంబమే. అయినా ఆ ప్రాంతపు సొంత సొత్తుగా ఇది బతికిపోయింది.

లైప్‌జిగ్‌కు, హాలె పట్టణానికి మధ్య డోల్నిట్స్ అని ఒక ఊరుంది. అక్కడి జమీందారీ ఎస్టేట్‌లో 1824లో గోజె వండడం మొదలుపెట్టారు. గోస్లార్ పద్ధతి తెలిసిన లేడర్మన్ అనే ఆయన చేతిమీదుగా మొదలైందట. అది అలా పెరిగి పెరిగి, 1900 ప్రాంతాలకు లైప్‌జిగ్‌లో గోజె అమ్మే అంగళ్ళే ఎనభై దాకా ఉండేవి. మా పెద్దాయన నాన్న ఆ డోల్నిట్స్ గోజెకు అలవాటు పడ్డ మనిషి. ఆదివారం మధ్యాహ్నం అంగడికి పోయి సీసా తెచ్చే పని పిల్లవాడిదట. మెడ పట్టుకోకూడదు, ఒళ్ళు పట్టుకోవాలి, కుదపకూడదు. దారిలో ఒకసారి మంచు మీద జారిపడి సీసా పగలగొట్టుకుని, ఇంటికి పోవడానికి భయపడి చీకటిపడేదాకా ట్రామ్ స్టాప్‌లో కూర్చున్నానని చెప్పారు. అరవై ఏళ్ళు దాటినా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది.

1945లో యుద్ధం ముగిసింది. సోవియట్ పాలన వచ్చాక వంద హెక్టార్లు దాటిన ఎస్టేట్లన్నీ స్వాధీనం చేసుకుని పంచిపెట్టారు. డోల్నిట్స్ కూడా పోయింది. బ్రూవరీ మూతపడింది. భూముల పంపకం నాకు తప్పుగా తోచలేదు. మా జిల్లాలో భూమి లేనివాళ్ళ బతుకు చూస్తూ పెరిగినవాణ్ణి. కానీ ఆ లెక్కలో గోజె సంగతి ఎవరి పద్దులోనూ పడలేదు. అన్ని అంగళ్ళకూ వచ్చింది అక్కడినుంచే కాబట్టి, ఆ ఒక్క తలుపు మూసుకోగానే రుచే ఆగిపోయింది.

నాకు అన్నిటికంటే మనసుకు పట్టింది దాని తర్వాతి కథ. ఫ్రీడ్రిష్ వుర్ట్స్‌లర్ అని ఒకాయన. డోల్నిట్స్‌లో పనిచేసినవాడు, అక్కడి పద్ధతి తెలిసినవాడు. 1949లో లైప్‌జిగ్‌లోనే, ఆర్థర్ హోఫ్‌మన్ వీధి 94 నంబరులో, ఒక చిన్న బ్రూవరీ పెట్టాడు. నాలుగేళ్ళు లేకుండా పోయిన గోజె మళ్ళీ వచ్చింది. మా పెద్దాయన ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. వండే రోజు గాలి అటు తిరిగితే ఉడికిన గోధుమల వాసన మెట్లదాకా వచ్చేదట.

కానీ కాలం మారిపోయింది. కుర్రకారుకు పిల్స్ బీరు కావాలి. నేలమాళిగలో రోజులు లెక్కపెట్టుకుంటూ సీసాలు కనిపెట్టే అంగడివాళ్ళు ముసలివాళ్ళయ్యారు. గోలిస్ పేటలో 1899 నుంచి పేరుమోసిన గోజె అంగడి 'ఓనె బెడెంకెన్' కూడా 1958లో మూతపడింది. ఆ పేరుకు 'సందేహం అక్కర్లేదు' అని అర్థం. వుర్ట్స్‌లర్ తర్వాత ఆయన మారుటి కొడుకు గీడో ఫ్నిస్టర్ బ్రూవరీ నడిపాడు. చివరి రోజుల్లో అది దాదాపు ఒంటిచేతి పని. 1966లో అదీ ఆగిపోయింది. దాన్ని అందుకుని నడిపేవాళ్ళు ఎవరూ రాలేదు.

"ఆఖరి సీసా అని తెలిసి తాగారా?" అని అడిగాను.

"తెలియదు. వచ్చే నెల కూడా ఉంటుందనుకున్నాను" అన్నారు.

ఆ మాట విన్న రాత్రి నాకు మా అమ్మమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది.

కోనసీమలో మా అమ్మమ్మగారి ఊరు. వంటింట్లో ఈశాన్యం మూల, పీట మీద తరవాణి కుండ ఉండేది. రోజూ అన్నం వార్చిన గంజి చల్లార్చి అందులో పోయాలి. అడుగున నిన్నటిది కొంత ఉండాలి, దాని పులుపే ఇవాళ్టిదాన్ని పులియబెడుతుంది. పొద్దున్నే ఆ తరవాణిలో చద్దన్నం కలిపి, ఉప్పు వేసి, పచ్చిమిరపకాయో ఉల్లిపాయో నంజుకుని తినేవాళ్ళం. ఎండాకాలం సెలవుల్లో అది కడుపులో పడితే మధ్యాహ్నందాకా ఎండ తెలిసేది కాదు. అమ్మమ్మ ఆ కుండను ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. పక్కింటివాళ్ళ కుండ చెడిపోతే మాత్రం చెంబుతో తోడు ఇచ్చేది, వాళ్ళూ మాకిచ్చేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ వీధిలో ఒకే పులుపు అటూ ఇటూ తిరిగింది.

1979లో అమ్మమ్మ పోయింది. పన్నెండు రోజులు ఆ హడావుడిలో ఎవరూ కుండలో గంజి పోయలేదు. పదమూడో రోజు మా పిన్ని చూస్తే పురుగు పట్టి ఉందట, తీసుకెళ్ళి కాలవలో పారేసింది. మా అమ్మ రెండేళ్ళ తర్వాత ఒకసారి కొత్త కుండ కొని ప్రయత్నించింది. పులిసింది, కానీ ఆ రుచి రాలేదు. వీధిలో తోడు అడుగుదామంటే అప్పటికి ఎవరింట్లోనూ కుండ లేదు.

ఇదంతా నాకొచ్చిన జర్మన్‌లో ఆయనకు చెప్పాను. తోడు అనే మాట దగ్గర ఆగిపోయాను. పాలలో వేసేదీ తోడే, ఒంటరిగా ఉన్నవాడికి కావలసిందీ తోడే అని చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. చేతులతో చెప్పాను. ఆయనకు అర్థమైందనే అనుకుంటాను, ఎందుకంటే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ ఆదివారమే నన్ను ఆర్థర్ హోఫ్‌మన్ వీధికి తీసుకెళ్ళారు. బయెరిషర్ బాన్‌హోఫ్ స్టేషన్ ముందు నుంచి నడిచాం. 1842 నాటి స్టేషన్ అది, బాంబులకు సగం పోయినా ముందువైపు కమానులు మిగిలాయి. మసిపట్టిన ఇళ్ళ వరుసలో ఒక గేటు ముందు నిలబడి "ఇదే" అన్నారు. గేటు మూసి ఉంది. లోపల ఏముందో కనబడలేదు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. పది నిమిషాలు నిలబడి వెనక్కి వచ్చేశాం.

తర్వాతి వారం నాకు ఒక ఆలోచన తట్టింది. నేను ఇండియానుంచి బయల్దేరేటప్పుడు అమ్మ కట్టిచ్చిన సంచిలో ధనియాలు ఉన్నాయి. కిరాణా కొట్టుకు పోయి మజ్జిగ సీసా తెచ్చాను. అక్కడి మజ్జిగ కొంచెం చిక్కగా ఉంటుంది, నీళ్ళు పోసి పల్చన చేశాను. ధనియాలు పొయ్యి మీద ఒక్క క్షణం వేడిచూపించి, గరిటె వెనకవైపుతో చితక్కొట్టి వేశాను. ఉప్పు చిటికెడు వేసి, ఇంకా చాలదనిపించి మరికొంచెం వేశాను. గ్లాసుతో కిందికి తీసుకెళ్ళి ఏమీ చెప్పకుండా ఇచ్చాను.

ఆయన ముందు వాసన చూశారు. ఒక గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టారు. మళ్ళీ తీసుకుని, ఈసారి కళ్ళు మూసుకుని తాగారు. పాలవాసన ఎక్కువగా ఉందన్నారు. నురగ లేదన్నారు. ఆ తర్వాత నాలుక పక్కల వేలు పెట్టి చూపించి, "కానీ ఇక్కడ, ఇక్కడ మాత్రం అదే" అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళ కిందట పోయిన ఒక రుచిలో కొంచెం భాగం మా అమ్మ మూట కట్టిన ధనియాల్లో దొరికిందంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆ శీతాకాలం అయిదారుసార్లు చేసిచ్చాను. ధనియాలు అయిపోయాక ఇంటికి ఉత్తరం రాశాను, ఇంకో పావుకిలో పంపమని. అమ్మ ఎందుకో అడగలేదు, పంపించింది.

1986లో ఒకరోజు నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి ఆయన గది బయటే నిలబడి ఎదురుచూస్తున్నారు. గోలిస్‌లో ఓనె బెడెంకెన్ మళ్ళీ తెరిచారట. లోథార్ గోల్డ్‌హాన్ అని ఒకాయన, ఆ పాత అంగడిని బాగుచేయించడమే కాదు, లోపల గోజెనే పోయాలని పట్టుబట్టాడు. తాగి ఎరిగిన ముసలివాళ్ళను వెతికి పట్టుకుని, పులుపు ఎంత, ఉప్పు ఎంత, రంగెలా ఉండేదని అడిగి రాసుకున్నాడు. బ్రూవరీలేవీ ముందుకు రాకపోతే, ఆఖరికి తూర్పు బెర్లిన్‌లో బెర్లినర్ వైసె అనే ఇంకో పుల్లని బీరు చేసేచోట వండించాడు. ఒక రుచిని జ్ఞాపకాల్లోంచి తిరిగి తవ్వి తీయవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన చేసిన పని ఎంత పెద్దదో ఇప్పుడు తలుచుకున్నా నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇద్దరం ట్రామ్ ఎక్కి వెళ్ళాం. మెన్కె వీధిలో ఉంది. పెద్దాయన ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, టై కట్టుకుని వచ్చారు. లోపల చెక్క బల్లలు, జనం కిటకిట. ఎక్కువమంది ఆయన వయసువాళ్ళే. నిటారుగా ఉండే పొడుగు గ్లాసుల్లో తెచ్చిపెట్టారు. మబ్బుపట్టిన లేత పసుపు రంగు. జీలకర్రకు దగ్గరి వాసన వచ్చే క్యూమెల్ అనే మద్యం దానితో పాటు తాగడం పాత అలవాటట, చాలా బల్లల మీద అదీ ఉంది. కొందరు తియ్యటి షర్బత్ కలుపుకుంటున్నారు. గ్లాసులు ఎత్తి అందరూ "గోజెఆనా!" అని అరిచారు. దేవుణ్ణి స్తుతించే మాటను గోజెతో కలిపి చేసుకున్న కేక అది. ఇరవై ఏళ్ళు ఎవరూ అనని మాట, నోటికి అలాగే వచ్చేసింది.

నేను మొదటి గుక్క తాగాను. ముందు పులుపు తగిలింది, వెనకే ఉప్పు, మింగాక ముక్కులో ధనియాల వాసన. కళ్ళు మూసుకుంటే మా పెరట్లో అరుగు మీద కూర్చున్నట్టుంది. తరవాణి కాదు, మజ్జిగా కాదు, కానీ ఆ వంశమే.

ఆయన ఏమంటారోనని నాకు టెన్షన్‌గా ఉంది. గ్లాసు సగమయ్యేదాకా పెదవి విప్పలేదు.

"ఇది వుర్ట్స్‌లర్‌ది కాదు. పులుపు కొంచెం తగ్గింది" అన్నారు. మళ్ళీ ఒక గుక్క తాగారు. "కానీ గోజె. గోజెనే."

ఆ రోజు మూడు గ్లాసులు తాగారు. తిరిగొచ్చేటప్పుడు ట్రామ్‌లో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయారు.

1988లో నా థీసిస్ అయిపోయింది. బయల్దేరే ముందురోజు సెలవు తీసుకుందామని కిందికి వెళ్తే, పాత వార్తాపత్రికలో చుట్టిన సీసా చేతిలో పెట్టారు. మీకు గుర్తుగా ఉంచుకోండి, నాకెందుకు అన్నాను. "నాకు గుర్తుంది. నీకు ఉండాలి అబ్బాయ్" అన్నారు. ఆ తర్వాతి ఏడాది అక్టోబరులో లైప్‌జిగ్ వీధుల్లో కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఎదురుతిరిగి డెబ్భై వేలమంది నడిచిన వార్త బాపట్లలో పేపర్లో చదివాను. ఆ గుంపులో ఆయన ఉన్నారేమోనని ఉత్తరం రాశాను. జవాబు వాళ్ళ అమ్మాయి రాసింది. ఆయన ఆ వేసవిలోనే పోయారు.

2006లో ఒక సదస్సు పని మీద జర్మనీ వెళ్ళినప్పుడు రెండు రోజులు మిగుల్చుకుని లైప్‌జిగ్ పోయాను. బొగ్గు వాసన లేదు. ఆరోజు మేం నడిచిన బయెరిషర్ బాన్‌హోఫ్ స్టేషన్‌లోనే 2000లో బ్రూవరీ పెట్టి గోజె వండుతున్నారు. 1999 నుంచి డోల్నిట్స్ పేరుతోనూ మళ్ళీ గోజె వస్తోంది. రెండూ తాగాను. అమెరికాలో కూడా ఇప్పుడు గోజె చేస్తున్నారని పక్క బల్ల కుర్రాడు చెప్పాడు. సంతోషంగా అనిపించింది, చాలా సంతోషంగా. కానీ పులుపు సరిపోయిందో లేదో చెప్పడానికి నా పక్కన మనిషి లేడు. నేను ఎరిగింది 1986 రుచి. వుర్ట్స్‌లర్ రుచి నా నాలుకకు తెలియదు.

సాయంత్రం ఆర్థర్ హోఫ్‌మన్ వీధికి నడిచి వెళ్ళాను. ఇళ్ళకు కొత్త రంగులు. ఆ నంబరు ముందు కాసేపు నిలబడ్డాను. టోపీ లేదు కాబట్టి చలికి కట్టుకున్న మఫ్లర్ తీసి చేత్తో పట్టుకున్నాను.

మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతూ మా కోడలు సీసా కిందికి దించింది. లోపల తెల్లగా పట్టింది మావయ్యగారూ, వెనిగర్ పోసి కడిగితే పోతుందంది. వద్దమ్మా అని చెప్పి, పక్కన కూర్చోబెట్టుకుని, దాన్ని కిటికీ వెలుగులో ఎత్తిపట్టి, మెడ లోపలికి చూడమన్నాను.